మన పేజీ చరిత్ర

మర్రిగూడ,
16 జులై 2023

చెల్లె సుమనకు,

ఫోనులో మాట్లాడితే నేను అరుస్తాను, నువ్వు "సిగ్నల్ పోయిందన్నా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం అందుకున్నాను. నువ్వు నా మాట చివరిదాకా వినడానికి నాకు వేరే దారి కనిపించలేదు.

మీ సంస్థవాళ్లు వచ్చి మా బడిలో వికీ పెట్టిపోయారు. ముందు తిట్టాల్సింది తిడతాను. ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేని సర్కారు బడికి వికీ వచ్చింది. కంపెనీల సొమ్ముతో నడిచే సంస్థలు ఏదైనా ఊరికే ఇస్తే నాకు అనుమానమే. చెల్లెలు అందులో పనిచేసినా సరే, అనుమానం అనుమానమే.

తిట్టడం అయింది. ఇక ఒప్పుకోవాల్సింది. ఇన్నేళ్లుగా నేను చెప్పడం, పిల్లలు రాసుకోవడం, పరీక్షలో నా మాటలే నాకు తిప్పి ఇవ్వడం. దానికే చదువు అని పేరు పెట్టుకున్నాం. ఈ వికీలో ఒక పేజీ ఉంటుంది, దాన్ని ఎవరైనా తెరిచి రాయొచ్చు, ఎవరు రాసిందైనా ఎవరైనా దిద్దొచ్చు. పాఠం ఇవ్వకుండా సమస్య ఇవ్వమన్నారు కదా, ఇచ్చాను: "ఊరికి నల్లా నీళ్లు వచ్చి ఏళ్లయింది. అయినా కొన్ని ఇళ్లలో ఇంకా ఫ్లోరైడ్ బోరు నీళ్లే ఎందుకు తాగుతున్నారు?" జవాబు పుస్తకంలో లేదు. నాకూ తెలియదు. తెలియదని పిల్లల ముందు చెప్పాను. నోళ్లు తెరిచారు.

మొదటి వారం పేజీ గైడు పుస్తకంలా ఉంది. ఏసోబు "ఫ్లోరిన్ అనునది ఒక మూలకం" అని దించేశాడు. పదో తరగతి అఖిలను దాన్ని తుడిచేసి సొంతంగా రాయమన్నాను. ఆ పిల్ల కీబోర్డు మీద చేయి పెట్టదు.

"వాని రాత నేనెట్ల తుడుపుత సార్? రేపు వాడు నా రాత తుడుపడా?"

"తుడుపనీ. అది వాని రాత కాదు, నీ రాత కాదు."

"మరి ఎవలది సార్?"

"మనది."

అప్పుడే నియమం పెట్టాను. పేజీలో "నేను" ఉండకూడదు, "మేము" కూడా ఉండకూడదు. మేము అంటే చదివేవాణ్ని గడప బయట నిలబెట్టడం. మనం అంటే లోపలికి రమ్మనడం. అంతటా "మనం" అనే రాయాలి.

బాపు మగ్గం గుర్తుందా? అమ్మ ఆసు పోసేది, నువ్వు కండెలు చుట్టేదానివి, నేను పోగులు అతికేవాణ్ని. చీర మీద ఎవరి పేరూ ఉండేది కాదు. ఈ పేజీ కూడా అలాంటిదే కదా? ఏ వాక్యం ఎవరిదని ఎవరూ అడగరని పిల్లలకు మాట ఇచ్చేశాను.

నీ అన్న,
కమలాకర్

*

తార్నాక, హైదరాబాద్,
30 జులై 2023

అన్నా,

పోస్ట్‌మ్యాన్ నీ కవరు ఇస్తుంటే పక్కింటావిడ కోర్టు నోటీసు అనుకుంది. చదివాక నాకూ అలాగే అనిపించింది.

పేజీ అందరిదే. అందులో సందేహం లేదు. రెండు సంగతులు మాత్రం మరిచిపోకు. పిల్లలు ఎవరి పేరుతో వాళ్లు లోపలికి రావాలి. రెండోది, పేజీ పైన "చరిత్ర" అని ఒక మీట ఉంటుంది. అది నువ్వు చూసుకో, పిల్లలకూ చూపించు. ముఖ్యమైనది కాబట్టే రాస్తున్నాను.

చీర మీద పేరు ఉండేది కాదన్నావు. నిజమే. కానీ పోగు తెగిన చీర తిరిగి వస్తే అది ఏ ఇంటి మగ్గం మీదదో సేటుకు చిటికెలో తెలిసేది. బాపు ఆ రోజు అన్నం తినకుండా పడుకునేవాడు. నీకు చీర గుర్తుంది, నాకు అది గుర్తుంది.

నీ పిల్లల పేజీ రోజూ చదువుతున్నాను. మాకు పన్నెండు బడులున్నాయి. మీదొక్కటే బతికి ఉన్నట్టు కనిపిస్తోంది.

వదినెను అడిగానని చెప్పు.
సుమన

*

మర్రిగూడ,
10 సెప్టెంబర్ 2023

సుమనా,

నువ్వు మెచ్చుకున్నావని పిల్లలకు చెప్పాను. "మేడం హైదరాబాద్‌ల ఉండి మన పేజీ చదువుతాందా!" అని అరుపులు. నాలోని అనుమానం ఆ పూటకు నోరు మూసుకుంది.

చరిత్ర సంగతి మా సోషల్ సారు రఘుపతికి అప్పజెప్పాను. రాచకొండ కోట దగ్గర మొదలుపెట్టి ఊరి చరిత్ర అంతా రాయిస్తున్నాడు. నువ్వు చెప్పిన మీట నొక్కితే అక్కడ రాయడానికి జాగా దొరకలేదట, ఏవో తారీఖులు వస్తున్నాయట. అందుకని వేరే పేజీ తెరిచాడు.

ఎవరి పేరుతో వాళ్లు రావాలన్నావు. పాస్‌వర్డులు అందరూ మరిచిపోయారు. పనిచేసే కంప్యూటర్లు రెండే. కిటికీ పక్కదాంట్లో అఖిల పేరు తెరిచి ఉంటే అందరూ అందులోనే రాసేస్తున్నారు. మనం అనుకున్నాక పేరుతో ఏం పని?

అసలు సంగతి విను. ఏసోబు వాళ్లది ఎత్తు మీద ఉన్న దళితవాడ. ఒక రోజు తరగతిలో అడిగాను.

"మీ ఇంట్ల నల్లా లేదారా?"

"ఎందుకు లేదు సార్, ఉన్నది. మా అవ్వ దానికి బర్రెను కట్టేస్తది."

అందరూ నవ్వారు. అఖిల నవ్వలేదు. "నీళ్లు వస్తే బర్రెను ఎందుకు కడ్తరు? రాకనే కడ్తరు. ఎందుకు వస్తలేవో చూద్దాం" అంది. సమస్యతో చదువు చెప్పడమంటే ఏమిటో నాకు ఆ మాటతో అర్థమైంది, మీ సంస్థ ఇచ్చిన శిక్షణతో కాదు.

పొద్దున్నే వాల్వు దగ్గర నిలబడ్డారు. వాల్వు తిప్పేది పంచాయతీ నీళ్ల మనిషి వెంకటనర్సు, అఖిల తండ్రి. ముందు ఫంక్షన్ హాలు వైపు తిప్పుతాడు. ఆ సంపు నిండేసరికి ట్యాంకు అడుగంటుతుంది, ఎత్తు మీదికి ఎక్కే జోరు ఉండదు. ఫంక్షన్ హాలు సర్పంచి బామ్మర్దిది. పేజీలో ఇలా రాశారు: "మన నీళ్లు ముందుగాల ఫంక్షన్ హాలు సంపుల పడుతున్నయి. అందుకే మన వాడకు ఎక్కుతలేవు. వాల్వు తిప్పేటాయన తప్పు కాదు. తిప్పుమన్నోళ్ల తప్పు."

అఖిలను పక్కకు పిలిచి అడిగాను. "మీ నాయినకు ఏమన్న అయితదేమో బిడ్డా?"

"మా నాయిన రోజూ ఇంటికొచ్చి గదే మొత్తుకుంటడు సార్. మనం అని రాసినం గద. ఏమైతది?"

సిగ్గుతో కాదు, గర్వంతో కళ్లు చెమర్చాయి. ఈ మాట మీ ఆఫీసులో ఎవరికీ చెప్పకు.

కమలాకర్

*

తార్నాక,
24 సెప్టెంబర్ 2023

అన్నా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు కుర్చీలో కూర్చో, నిలబడి చదవకు.

మీ పేజీని మేమొక్కరమే చదవట్లేదు. సర్పంచి తరఫున ఎవరో మా ఆఫీసుకు ఫోన్ చేశారు. మాకు డబ్బిచ్చే కంపెనీవాళ్లు నవంబర్‌లో బడులు చూడటానికి వస్తున్నారు. మీ బడి బాగుంటే ప్రాజెక్టు ఇంకో మూడేళ్లు నడుస్తుంది, మిగతా పదకొండు బడులకూ నడుస్తుంది. నేను అడిగేది చిన్నది. "ఫంక్షన్ హాలు" అన్నచోట "ఇతర అవసరాలు" అని పెట్టించు. వాళ్లు వచ్చి వెళ్లాక మళ్లీ మార్చుకోండి. వికీ అంటేనే మార్చుకునేది కదా.

రఘుపతి సారు చరిత్ర అన్నావు, నాకు సరిగ్గా అర్థం కాలేదు. తీరిక చేసుకుని ఒకసారి ఫోన్ చెయ్యి, అరవకుండా.

సుమన

*

మర్రిగూడ,
8 అక్టోబర్ 2023

సుమనా,

కూర్చునే చదివాను. చదివి లేచాను. ఇంకా కూర్చోలేదు.

ఇతర అవసరాలు! ఈ జిల్లాలో మోకాళ్లు వంకరపోయిన మనుషులను చూపించి ఎన్ని పార్టీలు ఓట్లు అడిగాయో, ఎన్ని సంస్థలు ఫొటోలు దింపుకున్నాయో నీకు తెలుసు. ఆ నీళ్లన్నీ ఎటు పోయాయంటే, ఇతర అవసరాలకు. నిధులు ఎటు పోయాయంటే, ఇతర అవసరాలకు. పదిహేనేళ్ల పిల్లలు మొదటిసారి ఆ ఇతరానికి పేరు పెట్టి రాస్తే, మగ్గం ఇంట పుట్టిన నా చెల్లెలు తుడిచేయమంటోంది. మార్చుకునేదే వికీ అయితే, నిజం తెలిసినప్పుడు మార్చుకోవాలి. దొర వస్తున్నాడని మార్చుకునేదానికి వేరే పేరుంది, అది నీకూ తెలుసు.

ఫోన్ చేయను. చేస్తే అరుస్తాను.

ఇక్కడా ఒకటి జరిగింది. ఎంఈవో బడికి వచ్చాడు. వెనక సర్పంచి మనుషులు ఇద్దరు.

"ఎవరు రాసిన్రు సార్ ఇది?"

"పిల్లలు రాసిన్రు."

"మీరు రాపిచ్చిన్రని అంటున్నరు."

"ఒక్క అక్షరం నాది కాదు. పిల్లల తెలివి మీద మీకు అంత నమ్మకం లేదా?"

"రుజువు ఏంది?"

"పేజీనే రుజువు. పోయి చదువుకోన్రి."

ముఖం మాడ్చుకుని పోయాడు. స్టాఫ్ రూములో రఘుపతి నా చేయి పట్టుకుని ఊపాడు. ఇన్నేళ్ల యూనియన్ బతుకులో ఇంత బాగా జవాబు చెప్పిన రోజు లేదనుకున్నాను.

తుడవం. మీవాళ్లకు అదే చెప్పు.

కమలాకర్

*

తార్నాక,
22 అక్టోబర్ 2023

అన్నా,

ఈ పూట సద్దుల బతుకమ్మ. పూలు పేరుస్తూ మధ్యలో లేచి రాస్తున్నాను.

నీ మీద సస్పెన్షన్ కాగితం తయారైందని జిల్లా ఆఫీసు నుంచి మాకు తెలిసింది. ఇప్పుడది ఆగిపోయింది. పేజీ నువ్వు రాయలేదని రుజువు అడిగారు, మేం ఇచ్చాం. నీకేం కాదు. నిశ్చింతగా నిద్రపో. వదినెకు కూడా చెప్పు.

సుమన

*

మర్రిగూడ,
12 నవంబర్ 2023

సుమనకు,

చెల్లె అని రాయబోయి ఆగాను.

సెలవులయ్యాక అఖిల బడికి రాలేదు. జ్వరమనుకున్నాను. తర్వాత పేజీ తెరవబోతే తెరుచుకోలేదు, తాళం పడింది. ఆ తర్వాత తెలిసింది, వెంకటనర్సును పంచాయతీ పనిలోంచి తీసేశారని. సర్పంచి అతన్ని పిలిపించి, కాగితాలు ముందు పడేసి, "నీ ఉప్పు తినే బిడ్డనే రాసింది, నువ్వే చదువుకో" అన్నాడట. అతనికి చదువు రాదు. బిడ్డ పేరు ఒక్కటి మాత్రం గుర్తుపడతాడు, రేషన్ కార్డులో చూసి. ప్రతి వరుసలో ఆ పేరే ఉంది.

ఆ కాగితాలు నేనూ చూశాను, ఎంఈవో ఆఫీసులో. పైన పెద్ద అక్షరాల్లో "పేజీ చరిత్ర" అని ఉంది.

ఇదా చరిత్ర? ఎవరు ఏ రోజు ఏ మాట రాశారో, ఏ మాట కొట్టేశారో పక్కన పేరుతో సహా పట్టి పెట్టడమా? నేను రాచకొండ కోట అనుకున్నాను. రఘుపతి అక్కడ పిల్లలతో రాజుల పేర్లు రాయించాడు. మీ తెలివిగల సంస్థలో పోలీసు డైరీకి చరిత్ర అని పేరు పెడతారని మాకెలా తెలుస్తుంది?

ఇంకో సంగతి. ఆ చరిత్ర చెప్పేది అబద్ధం. అన్ని వాక్యాలూ అఖిలవి కావు. ఫంక్షన్ హాలు సంగతి మొదట రాసినవాడు ఏసోబు. కిటికీ పక్క కంప్యూటర్‌లో ఆ పిల్ల పేరు తెరిచి ఉంది, అంతే. తరగతంతా రాసింది ఒక్క పిల్ల నెత్తిన పడింది. నేను నీకు రాశాను, సెప్టెంబర్‌లోనే రాశాను, అందరూ అఖిల పేరులోనే రాస్తున్నారని. నీకు తెలుసు. తెలిసే ఇచ్చావు.

నీకు పిల్లలు లేరని ఎవరైనా అంటే వాళ్ల మీద కొట్లాటకు పోయినవాణ్ని. పన్నెండు బడుల పిల్లలూ నీ పిల్లలే అనేవాణ్ని. ఇప్పుడు అనలేను. సేటుకు చీర తిరిగి పంపావు, ఏ ఇంటి మగ్గమో చీటీ రాసి మరీ పంపావు.

జవాబు రాయకు.

కమలాకర్

*

తార్నాక,
26 నవంబర్ 2023

అన్నా,

రాయకన్నావు, రాస్తున్నాను. నువ్వు తిట్టినవన్నీ తీసుకుంటాను. పిల్లల ప్రస్తావన ఒక్కటి తీసుకోను. అది నీ దగ్గరే పెట్టుకో.

ఆ కాగితాలు తీసింది నేనే. నా పైఅధికారి అడిగితే తీసిచ్చాను. అఖిల పేరు ఒక్కటే ఉంటుందని తెలిసీ ఇచ్చాను. ఆ పిల్ల మైనరు, ఆమెను ఎవరేం చేస్తారులే అనుకున్నాను. ఉద్యోగం పోయేది నీది అనుకున్నాను. నీకు ఇంటి అప్పుంది, వదినెకు షుగరుంది, ఆ లెక్కలో ఉన్నాను. వాళ్ల నాయిన సంగతి నాకు తట్టలేదు. తట్టాల్సింది. అది నా తప్పు, దానికి సాకు చెప్పను.

ఇప్పుడు నువ్వు విను. చరిత్ర మీట చూడమని జులైలో చెప్పాను, ముఖ్యమైనదని చెప్పాను. విడమరిచి చెప్పలేదు, నిజమే. ఎందుకంటే నీకు విడమరిచి చెబితే "నాకే పాఠమా" అంటావు. మన ఇంట్లో నీకెవరూ ఏదీ విడమరిచి చెప్పరు.

నన్ను రుజువు అడగడానికి కారణం ఎవరు? నీ ఉత్తరం నా ముందే ఉంది. "ఎవరు రాసిన్రు" అని అడిగితే నువ్వు ఏమన్నావు? "పిల్లలు రాసిన్రు. ఒక్క అక్షరం నాది కాదు." జులైలో ఆ పిల్ల "మరి ఎవలది సార్" అంటే మనది అన్నావు. అక్టోబర్‌లో ఎంఈవో అడిగితే ఆ మాట ఎటు పోయింది? అప్పుడు "మనం రాసినం" అని ఉంటే వాళ్లకు ఏ చరిత్రా అక్కరలేదు. పేర్లు వెతికే పని నీ జవాబుతోనే మొదలైంది. నేను వేలు చూపించాను. నువ్వు అంతకుముందే పక్కకు జరిగి దారి ఇచ్చావు.

అఖిల ఎక్కడుందో కనుక్కున్నావా? ఉత్తరం నిండా నీ కోపం ఉంది, ఆ పిల్ల ఎక్కడుందో లేదు.

సుమన

*

మర్రిగూడ,
17 డిసెంబర్ 2023

సుమనా,

ఎన్నికల డ్యూటీ అయ్యాక పోయాను. నీ ఉత్తరం జేబులోనే ఉంది. దానికి జవాబుగా చాలా వాదనలు తయారు చేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

అఖిల చౌటుప్పల్‌లో ఉంది, వాళ్ల చిన్నమ్మ ఇంట్లో. చిన్నమ్మ మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనికి పోతే ఈ పిల్ల వాళ్ల చంటివాణ్ని ఆడిస్తోంది. నన్ను చూసి వాణ్ని చంకలోంచి దింపలేదు. కూర్చోమనలేదు.

"బడికి రా బిడ్డా. పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చినయి."

"మా నాయిన పోవద్దన్నడు సార్."

"మీ నాయినతోని నేను మాట్లాడుత."

"ఏమని మాట్లాడుతరు? పిల్లలు రాసిన్రు అనా?"

అది ఆ పిల్లకు ఎలా తెలిసిందో నేను అడగలేదు. ఆ రోజు స్టాఫ్ రూము కిటికీ కింద సగం తరగతి నిలబడి ఉండి ఉంటుంది. నా జవాబుకు రఘుపతి ఒక్కడే పొంగిపోయాడు.

"ఎవలు రాసిన్రో ఎవలడగరని నువ్వే జెప్పినవ్ గద సార్" అంది. ఎప్పుడూ మీరు అనే పిల్ల. ఆ తర్వాత అన్నది రాస్తాను, నాకు గుర్తున్నట్టే రాస్తాను. "మనం అని రాయమంటే రాసినం. మనం అంటే మీరు గూడ ఉన్నరనుకున్న."

చంటివాడు ఏడ్చాడు. లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు.

ఇంత కాలంగా నాకు తెలిసిందల్లా ఎదుటివాణ్ని ఓడించడమే. ఆ పిల్ల దగ్గర ఓడించడానికి ఏం లేదు.

ఎంఈవోకు రాసిచ్చి వచ్చాను. ప్రశ్న నాది, నియమం నాది, పేజీ నాదీ పిల్లలదీ, అఖిల ఒక్కతిది కాదు అని. వెంటనే మెమో చేతిలో పెట్టాడు. సస్పెన్షన్ వస్తే రానీ. వెంకటనర్సుకు కూడా అదే కాగితం చదివి వినిపించాను. అంతా విని, "నా పని మీరిప్పియ్యలేరు సార్, గది నాకెర్కనే. పేజీల పిల్లలు రాసింది నాకు ఇంతకాలం ఎందుకు చదివి వినిపియ్యలే?" అన్నాడు. బిడ్డను పంపుతాననలేదు, పంపననీ అనలేదు.

నీతో నాకున్న లెక్క తీరలేదు. నువ్వు చేసింది నేను మరిచిపోను. కానీ ఒక పని నువ్వే చేయగలవు. పేజీ తాళం తియ్యి. దాని మీద మొదటి వరుసలో ఒక్క వాక్యం రాయాలి, నా పేరుతో. పిల్లలందరికీ మళ్లీ ఎవరి పాస్‌వర్డు వాళ్లకు ఇప్పించు. ఈసారి చరిత్ర అంటే ఏమిటో నేను చూపిస్తాను.

కమలాకర్

*

తార్నాక,
11 ఫిబ్రవరి 2024

అన్నా,

పేజీ తాళం తీసింది జనవరిలో. ఎవరు తీశారని ఆఫీసులో అడిగారు. నేనే అన్నాను. బడుల పని నా దగ్గర్నుంచి తీసేసి, నన్ను లెక్కల విభాగంలో కూర్చోబెట్టారు. నీకు సంతోషం కలిగించడానికి రాయడం లేదు, తెలియాలని రాస్తున్నాను.

మొన్న వదినె ఫోన్ చేసింది. సర్పంచుల గడువు తీరాక వచ్చిన అధికారి వెంకటనర్సును మళ్లీ పనికి పిలిచాడట. అఖిల బడికి వస్తోందట. నీ పీరియడ్‌లో మాత్రం తలెత్తదట, అడిగిన దానికి నిలబడి జవాబు చెప్పి కూర్చుంటుందట. ఇవన్నీ నువ్వు నాకు రాయలేదు. రాయనవసరం లేదులే.

నువ్వు రాసిన వాక్యం చూశాను. "ఈ పేజీ మనం రాసినం. కమలాకర్ సార్." బాగుంది. నువ్వు ఇన్నేళ్లలో రాసినవాటన్నిటి కంటే పొట్టిది.

నిన్న సాయంత్రం మళ్లీ తెరిచాను. నువ్వు చూశావో లేదో తెలియదు. నీ వాక్యం అక్కడే ఉంది, నీ పేరు కూడా ఉంది. ఒక్క మాట మాత్రం ఎవరో దిద్దారు. "ఈ పేజీ మేము రాసినం" అని ఉంది ఇప్పుడు.

అన్నా, నీకు ఇప్పుడు ఆ చరిత్ర మీట ఎక్కడుందో తెలుసు. అది నొక్కితే ఆ దిద్దుబాటు పక్కన ఒక పిల్ల పేరో, పిల్లవాడి పేరో కనిపిస్తుంది. నేను చూశాను. నన్ను అడిగితే చెప్పను, ఎవరడిగినా చెప్పను.

నువ్వు కూడా నొక్కకు.

సుమన